దిబ్బ దిగని పిల్ల

ముల్తాన్,
12 ఫిబ్రవరి 1988

పఠానీ అక్కకు,

తమ్ముడు మురీద్ సలాములు. నేనూ పిల్లలూ బాగున్నాం. బావ మోకాలి నొప్పి తగ్గిందా? యజ్మాన్ బస్సులో పంపిన నెయ్యి డబ్బా అందింది. మూత ఊడి సగం కండక్టరు చొక్కా తాగేసింది. మిగిలిన సగంతో నీ మరదలు పండగ చేసుకుంది.

ఈ ఉత్తరంతో ఒక పత్రిక పంపుతున్నాను. పదకొండో పేజీ చూడు. అక్కడున్న పేరు నాదే. పద్దెనిమిదేళ్ళుగా పత్రికాఫీసులో రాతగాడిగా ఊరందరి వార్తలూ, పెళ్ళి పిలుపులూ, చావు కబుర్లూ అచ్చు కోసం గుండ్రటి అక్షరాల్లో రాసిపెట్టాను. ఇప్పుడు మొదటిసారి నా మాట నేను రాసుకున్నాను, అదీ మన సరాయికీలో. "రోహీ ఎడారిని ఇంత దగ్గరగా చూపించిన కథ మన భాషలో ఇంకొకటి లేదు" అన్నాడు సంపాదకుడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఫ్యాను కింద కూర్చుని మంచు వేసిన షర్బతు తాగుతున్నాడనుకో.

కథ చిన్నదే. ఒక ఎండిపోయిన తోబా. వాన నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయి గుంట అడుగున మట్టి పలకలుగా పగిలి ఉంటుంది. గట్టున మూడు జమ్మిచెట్లు. నడిమిది ఒంటె మోకరిల్లినట్టు నేలకు వంగి ఉంటుంది. దాని కింద ఒక ఆడమనిషి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. దారిన పోయేవాళ్ళు ఆమెను చూస్తారు, దగ్గరికి వెళ్ళేసరికి ఉండదు. అంతే. ఆ చోటు ఎక్కడా లేదు, నేను కల్పించినదే. తొమ్మిదేళ్ళకే నాన్న నన్ను ముల్తాన్‌లో రాతగాడి దగ్గర వదిలేశాడు కదా, రోహీలో నేను చూసిందెంతని!

అందుకే నీ సాయం కావాలి. పొద్దు వాలేవేళ ఇసుకలోంచి పిల్లాడు ఏడ్చినట్టు కూసే పిట్ట పేరేమిటి? తోబా ఎండే ముందు నీళ్ళ రంగు ఎలా మారుతుంది? రాయి.

నీ తమ్ముడు,
మురీద్ హుసేన్


ఖీంప్‌వాలా తోబా,
29 ఫిబ్రవరి

తమ్ముడు మురీద్‌ను అల్లా చల్లగా చూడాలి.

నీ పత్రిక వచ్చింది. నేను చదువుతుంటే మీ బావ, ఇంకో ఆరుగురు కాపరులు చుట్టూ కూర్చుని విన్నారు. "మురీద్ మనవాడు, మన మాటలు అచ్చులో వేయించాడు" అని మీ బావ మీసం తిప్పాడు. ఆ తర్వాత అందరూ కలిసి నీ కథను ఈకకు ఈక పీకారు. పీలూ పళ్ళు చైత్రంలో పండుతాయా? ఎండలు ముదరాలిరా. ఎర్ర ఆవు ఎండిన గుంట దగ్గర నిలబడి ఎదురుచూసిందని రాశావు. మన ఆవులు నీకంటే తెలివైనవి. గుంట ఎండితే వాసన పట్టుకుని నీళ్ళున్న చోటికి వాటంతట అవే పోతాయి.

ఇంకో మాట. నీ కథలో ఒక్కరూ నవ్వరేం? రోహీ అంటే ఒట్టి ఇసుకా దాహమేనా? ఒక్క వాన పడితే దిబ్బలన్నీ పచ్చబడవా? మజ్జిగ కడవలు పొంగవా, పెళ్ళిళ్ళవవా? అవేవీ నీకు గుర్తులేవు. ముల్తాన్ వాళ్ళకి మన దాహం అంత తియ్యగా ఉందా? షర్బతులో కలుపుకు తాగుతున్నారా?

పిట్ట పేరు అడిగావు. దాన్ని మేం పేరు పెట్టి పిలవం. నువ్వూ పిలవకు. ఇంకిపోయే ముందు నీళ్ళు ఆకుపచ్చగా మారి, తర్వాత టీ రంగులోకి వస్తాయి.

ఇప్పుడు నేనడిగే దానికి సూటిగా జవాబు రాయి. ఆ మూడు చెట్ల సంగతి నీకెవరు చెప్పారు? ఎవరైనా నీ ఇంటికి వచ్చారా? ఎవరు వచ్చినా, వాళ్ళు చెప్పినదానిలో సగం అబద్ధం.

అక్క పఠానీ


ముల్తాన్,
14 మార్చి

అక్కా,

పీలూ పళ్ళ తప్పు ఒప్పుకుంటున్నాను. ఆవు తప్పు కూడా. నవ్వు లేదన్న మాట గుచ్చుకుంది, కానీ నిజమే. రోహీ గురించి రాయమంటే ఇక్కడందరూ దాహమే రాస్తున్నారు. నేనూ ఆ గాడిలోనే పడ్డాను.

కానీ చివర్లో నువ్వు రాసింది చదివి మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఎవరో చెప్పిన కథ నేను ఎత్తుకొచ్చానంటావా? ఇక్కడ గిట్టనివాళ్ళు ఆ మాట అంటూనే ఉన్నారు. "రాతగాడు కదా, ఇంకొకరిది చూసి రాయడం అలవాటే" అని పత్రికాఫీసు మెట్ల మీదే అన్నాడొకడు. నువ్వు కూడా అంటావనుకోలేదు. ఎవరూ రాలేదు, ఎవరూ చెప్పలేదు. పసుపు కాగితం ముందు కలం ముంచుకుని కూర్చున్నాను, చెట్లు కనిపించాయి. నడిమిది వంగి ఉంది. దాన్ని నేను వంచలేదు.

ఒక సంతోషం కూడా ఉంది. ఈ కథని రేడియోలో నాటకంగా వేస్తారట, మన యాసలోనే. రంజాన్ మొదటి వారంలో, సాయంత్రం ఉపవాసం విడిచే ముందు. బావకు చెప్పు, బ్యాటరీలు కొనమను.

రెండో కథ కూడా మొదలైంది. ఈసారి ఆ చెట్టు దగ్గర ఒక పదేళ్ళ ఆడపిల్ల కూడా ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

మురీద్


ఖీంప్‌వాలా తోబా,
30 మార్చి

తమ్ముడా,

నువ్వు దొంగవని నేననలేదు. నువ్వు ఎత్తుకొచ్చావంటే నాకు భయమే ఉండేది కాదు.

ఆ నాటకం ఆపించు. మీ బావ తరఫు వాళ్ళు నవ్వుతారు, మన ఇంటి పరువు పోతుంది. వద్దని ఆయనా అంటున్నాడు. కావాలంటే ఇంకోటి రాయి. చన్నన్ పీర్ జాతరలో తప్పిపోయిన ఒంటె కథ రాయి. మీ బావ దాని అడుగుజాడలు పట్టుకుని మూడు రోజులు తిరిగి, చివరికి అది మన గుడిసె వెనకే పడుకుని ఉండగా చూశాడు. అది రాస్తే రేడియో కూడా నవ్వుతుంది.

అమ్మ జ్వరంతో పోయింది. కాలవ గట్టు ఊళ్ళో, మసీదు వెనకున్న శ్మశానంలో ఆమె సమాధి ఉంది. ఏటా నువ్వే వెళ్ళి నీళ్ళు చల్లి వస్తున్నావు. అది మరచిపోకు.

ఆడపిల్లని కథలోంచి తీసెయ్యి.

అక్క


ముల్తాన్,
26 ఏప్రిల్, రంజాన్

అక్కా,

కోపంగానే మొదలుపెడుతున్నాను, క్షమించు. బావకు నేనేం అపకారం చేశాను? పత్రిక వచ్చినప్పుడు మీసం తిప్పిన మనిషికి రేడియో అనేసరికి పరువు గుర్తొచ్చిందా? ఆయనతో నేనే మాట్లాడతాను. నాటకం మొన్న వచ్చేసింది. ఆపడం నా చేతిలో లేదు, ఉన్నా ఆపేవాణ్ణి కాదు.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. నా ఉత్తరాల్లో ఎక్కడా అమ్మ ఊసు ఎత్తలేదు. నువ్వెందుకు ఎత్తావు?

ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉపవాసంతో ఆఫీసులో అందరి పెదవులూ పగిలిపోయాయి, మధ్యాహ్నానికి మాట పెగలదు. నా సంగతి విను, నవ్వకు. రెండో కథ రాయడానికి కూర్చుంటే నాకు దాహం వెయ్యదు. వెయ్యకపోవడమే కాదు, నోరు తడిగా ఉంటుంది. అప్పుడే ఎవరో దోసిలితో నీళ్ళు పట్టినట్టు నాలుక చల్లగా, మట్టి రుచిగా ఉంటుంది. ఉపవాసం చెడిందేమోనని మౌల్వీగారిని అడిగాను. "నువ్వు తాగావా?" అన్నాడు. లేదన్నాను. "మరి ఇంకేం, రాసుకో" అన్నాడు. నేను నవ్వాను కానీ, ఇంటికి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కథ ఇలా వచ్చింది. పిల్లాడు పాక్కుంటూ పోకుండా తల్లి తన ఓణీతో వాణ్ణి చెట్టుకు కట్టేసింది. కూతురికి కడవ ఇచ్చి నీళ్ళకు పంపింది. కూతురు రాలేదు. "అక్క వస్తుంది, అదిగో అక్క" అంటూ తల్లి దిబ్బ వైపే చూస్తూ ఉంది. అక్కడితో ఆగిపోయాను. ఆ పిల్ల ఎందుకు రాలేదో నాకు తెలియడం లేదు.

మురీద్


ఖీంప్‌వాలా తోబా,
21 మే

మురీద్,

ఈద్ అయిపోయింది. నెలవంకను చూసి ఏడ్చింది ఈ తోబా మీద నేనొక్కదాన్నే.

ముందు మీ బావ మీద కోపం తీసెయ్యి. ఆయన ఏమీ అనలేదు. ఆయన పేరు పెట్టి రాసింది నేనే. బ్యాటరీలు కొనడానికి ఆ మోకాలితోనే యజ్మాన్ దాకా పోయి వచ్చాడు. నాటకం అయ్యాక రేడియోను గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, "మన మురీద్!" అన్నాడు. అంతే.

తెల్లారి చూస్తే మన ఎర్ర ఆవు లేదు. రెండు రోజులైనా రాలేదు. మీ బావ జాడలు పట్టుకుని తూర్పుకు పోయాడు, ఎవరూ పోని వైపు. మూడోనాడు ఆవుతో తిరిగొచ్చాడు. ఒంటె దిగీ దిగకముందే అన్నాడు:

"పఠానీ, నీ తమ్ముడు రాసిన చోటు చూసొచ్చాను. మూడు జమ్మిచెట్లు. నడిమిది మోకాళ్ళ మీదే ఉంది."

"ఎక్కడైనా ఉంటాయి వంగిన చెట్లు" అన్నాను.

"ఉంటాయి. గుంట ఎండి పలకలు లేచింది, చెమ్మ లేదు. కానీ దీని మూతి చూడు" అని ఆవు మూతి నా వైపు తిప్పాడు. తడిగా ఉంది. గడ్డం నుంచి బొట్లు కారుతున్నాయి. పగలంతా ఎండలో నడిచొచ్చిన ఆవు, మురీద్!

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ. ముప్పై ఏడేళ్ళు మోశాను.

అమ్మ జ్వరంతో పోలేదు. ఆ ఏడు వానల్లేవు. నాన్న మందను తోలుకుని ముందు పోయాడు, మనం ముగ్గురం వెనక ఒంటె మీద వస్తున్నాం. దారిలో ఒంటె చచ్చిపోయింది. అమ్మ నిన్నెత్తుకుని ఆ తోబా దాకా నడిచింది. నీళ్ళు లేవు. నీకు ఏడాదిన్నర, నాకు పదకొండు. అమ్మ నా చేతికి కడవ ఇచ్చి, దక్షిణాన ఒక కుండీ ఉంది, మూత వేసిన సిమెంటు కుండీ, పొమ్మంది. నిన్ను ఓణీతో చెట్టుకు కట్టింది. నువ్వు రాశావు చూడు, అలాగే.

కుండీ దొరికింది. కడవ నింపుకున్నాను. పొద్దు వాలేసరికి దిబ్బ ఎక్కాను. కింద తోబా కనిపిస్తోంది. అమ్మ చెట్టు కింద పడుకుని ఉంది. ఆమె పక్కన ఇంకో ఆడమనిషి కూర్చుని ఉంది, మురీద్. నువ్వు ఆమె ఒళ్ళో ఉన్నావు. దోసిలితో నీకు నీళ్ళు పడుతోంది. ఎక్కడివా నీళ్ళు? ఎవరామె? చుట్టూ కోసుల దూరంలో మనిషన్నవాడు లేడు. తల దించుకుని ఉంది, మొహం నాకు కనిపించలేదు. నేను దిగలేదు. కడవ అక్కడే పడేసి వెనక్కి పరిగెత్తాను. మర్నాడు కాపరుల్ని తీసుకుని వచ్చేసరికి నువ్వు ఒక్కడివే ఉన్నావు, నవ్వుతూ, చొక్కా ముందంతా తడిసి. అమ్మ పోయింది.

నేను దిగి ఉంటే? నా చేతిలో నిండు కడవ ఉంది. అప్పటికి అమ్మకు ఊపిరి ఉందో లేదో నాకు తెలియదు. ఈ ముప్పై ఏడేళ్ళలో నీళ్ళు గొంతు దిగిన ప్రతిసారీ ఆ మాటే అడుక్కున్నాను.

అమ్మను అక్కడే, చెట్టు పక్కనే పూడ్చారు. "చచ్చినవాళ్ళ చేతి నీళ్ళు తాగిన పిల్లాడు" అని నిన్ను ఎవరూ గుమ్మం తొక్కనివ్వరని నాన్న భయపడ్డాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కాలవ గట్టు ఊళ్ళో మట్టి పోగు చేసి సమాధి కట్టాడు. నువ్వు ఏటా నీళ్ళు చల్లే ఆ మట్టి కింద ఎవరూ లేరురా.

తిట్టు. తిట్టి ఉత్తరం రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

పఠానీ


ముల్తాన్,
2 జులై

అక్కా,

ఆలస్యమైంది. కోపంతో కాదు, అక్షరం రాక. కలం పట్టినవాడికి అది ఎలా ఉంటుందో నీకు తెలియదు.

బావ కాళ్ళు నా తరఫున పట్టుకో. ఆయన్ని ఎన్ని మాటలన్నానో.

కాలవ గట్టు ఊరికి వెళ్ళాను. ఆ మట్టి దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. శ్మశానం కాపలా ముసలాయన వచ్చి, "ఈసారి నీళ్ళు తేలేదేం?" అన్నాడు. "ఈమెకు అవసరం లేదు" అన్నాను. నా మొహం చూసి తన చీపురు తీసుకుని పక్క సమాధి వైపు పోయాడు.

అప్పుడు అర్థమైంది. నేను కల్పించేవాణ్ణి కాను. పద్దెనిమిదేళ్ళు ఊరందరి మాటలు రాసినట్టే ఇదీ ఎవరో చెబుతుంటే రాశాను. ఏడాదిన్నర పిల్లాడికి జ్ఞాపకం ఉంటుందా? ఉండదంటాడు డాక్టరు. సంపాదకుడేమో "ప్రాంతం రచయిత రక్తంలో ఉంటుంది" అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కథ చివరి భాగం రాశాను. దీన్ని ఏ పత్రికకూ ఇవ్వను, నీకోసమే. ఒకే ఊపులో వచ్చింది, ఒక్క మాట కొట్టెయ్యలేదు. చదువు:

"తల్లి మిట్టమధ్యాహ్నమే పోయింది. చివరి మాటగా, 'పిల్ల ఎండలో పోయింది, దానికి దాహం వేస్తుందో ఏమో' అంది. పొద్దు వాలేవేళ ఆ పిల్ల కడవతో దిబ్బ మీదికి వచ్చి నిలబడింది. చెట్టు కింద కూర్చున్న ఆడమనిషి తలెత్తి చూసింది. కుడి చెయ్యి ఎత్తి రమ్మంది. ఆ చేతికి ఒక్క గాజు కూడా లేదు. పిల్ల బెదిరి పారిపోయింది. ఆడమనిషి ఒళ్ళోని పిల్లాడికి చెప్పింది, 'పోనీలే, చిన్నపిల్ల. భయం తీరాక వస్తుంది.'"

అక్కా, దీన్ని నీకు ఊరట కోసం రాశానా, నిజంగా అలాగే జరిగిందా అన్నది నాకే తెలియదు. ఆమె తల దించుకుని ఉందని నువ్వు రాశావు. నాకు మాత్రం ఎత్తినట్టే వచ్చింది. నేను రాసింది తప్పయితే చెప్పు, కొట్టేస్తాను.

మురీద్


ఖీంప్‌వాలా తోబా,
19 ఆగస్టు

మురీద్,

కొట్టెయ్యకు.

తల దించుకుని ఉందని నీకు రాసింది అబద్ధం. ఆమె నన్ను చూసింది. చెయ్యెత్తి రమ్మంది. బోడి చెయ్యి. మన వైపు ఎంత పేద ఇంటిదైనా, బతికున్న ఆడది భుజం దాకా తెల్లగాజులు లేకుండా ఉంటుందా? ఆ చేతిని చూసే పారిపోయాను. ఈ సంగతి నాన్నకు చెప్పలేదు, మీ బావకు చెప్పలేదు, నమాజులో అల్లాకు కూడా పైకి చెప్పలేదు. నీకెలా తెలిసిందో అడగను. చెప్పొద్దు.

వానలు పడ్డాయి. ఈ ఏడు బాగా పడ్డాయి. దిబ్బల మీద గడ్డి మోకాలెత్తు లేచింది. దూడలు కడుపు పగిలేలా తాగుతున్నాయి. నిన్న నేను కాచిన నెయ్యి చూస్తే నా మరదలు ముల్తాన్ వదిలేసి వస్తుంది. ఇది కూడా రాయి నీ కథల్లో.

ఇప్పుడు అసలు మాట. మొన్న గురువారం మీ బావతో, "నన్ను అక్కడికి తీసుకుపో" అన్నాను. ఆయన ఒంటెకు జీను వేశాడు, నేను గుడిసె దగ్గరి కుండీలో కడవ నింపుకున్నాను. ఆయన నవ్వాడు. "వానలు పడ్డాయే పిచ్చిదానా! అక్కడ గుంట నిండే ఉంటుంది, నీళ్ళు మోసుకుపోతున్నావా?"

"మోసుకుపోతున్నాను" అన్నాను.

పొద్దు వాలే ముందు దిబ్బ ఎక్కాం. అదే దిబ్బ. కింద తోబా నిండుగా మెరుస్తోంది. మూడు చెట్లూ ఉన్నాయి. నా కాళ్ళు మళ్ళీ పదకొండేళ్ళవయ్యాయి. మీ బావ ఒంటెను కూర్చోబెట్టి, "నేనూ రానా?" అన్నాడు. వద్దన్నాను. కడవ నెత్తిన పెట్టుకుని దిగాను. ఇసుక జారుతోంది, సగం నీళ్ళు మొహం మీదే పడ్డాయి. ఆగలేదు.

వంగిన చెట్టు పక్కన నేల కొంచెం ఎత్తుగా ఉంది. రాయి లేదు, గుర్తు లేదు, పచ్చిక మొలిచింది. అక్కడ కూర్చుని, "అమ్మా, నీళ్ళు తెచ్చాను" అన్నాను. కడవ వంచాను. ఎంత పోస్తే అంతా ఇంకిపోయింది. తర్వాత మాటలు వచ్చాయి. నువ్వు పెరిగిన సంగతి, నాన్న పోయిన సంగతి, నా పెళ్ళి, పోయిన నా ఇద్దరు పిల్లలు, నీ రేడియో, అన్నీ చెప్పాను. మధ్యలో నవ్వొచ్చింది కూడా. పొద్దు గుంకేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ కనిపించలేదు. ఎవరూ పలకలేదు. నీకు అబద్ధం రాయను ఇంక.

తిరిగి దిబ్బ ఎక్కాక మీ బావను కోప్పడ్డాను. "అంతసేపు ఒక్కడివీ ఇక్కడ కూర్చోకపోతే కిందికి రావచ్చుగా, నేను వద్దన్నది మొదట్లోనే కదా!"

ఆయన ఒంటె ముక్కుతాడు సర్దుతూ, "మీరిద్దరూ అంత నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనెందుకే?" అన్నాడు.

నేను ఒక్కదాన్నే ఉన్నానని ఆయనకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నీ అక్క,
పఠానీ